మంజు నొప్పి అన్న నాలుగు నెలలు

మా మంజు నాలుగు నెలలపాటు నొప్పి అంటూనే ఉంది. నేను నమ్మలేదు. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను. పుట్టినప్పుడు ఏమైంది, ఏ డాక్టరు ఏమన్నాడు అన్నవి ఇట్లాంటి బిడ్డలున్న ఇళ్లన్నింటిలోనూ కొంచెం అటూ ఇటుగా ఒకటే. ఇది మాత్రం మేం చేతులారా చేసుకున్నది. ఇప్పుడు కాస్త తెరిపిన పడ్డాం కాబట్టి రాయగలుగుతున్నాను. ఇంకొక తల్లి ఇది చదివి, నాకన్నా ఒక్క నెల ముందు కళ్లు తెరిచినా చాలు.

మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె. మా ఆయన రామాంజికి ఐదెకరాల మెట్ట ఉంది, శనక్కాయ వేస్తాడు. ఆకాశం చూసి బతికే సేద్యం. నేను అంగన్‌వాడీ టీచర్ని. పిల్లల్ని తూకం వేయడం, ఎత్తు కొలవడం, పుస్తకంలో ఎక్కించడం నా పని. "అర కిలో ఎక్కువ రాయక్కా, మా అత్త నన్ను తిడుతుంది" అని బతిమాలే తల్లుల్ని కసిరి పంపేదాన్ని. అంకె దగ్గర అబద్ధం కూడదని నాకు మహా పట్టింపు. ఆ గొప్పలు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మంజు పుట్టాక చాలాసేపు ఏడవలేదు. రెండేళ్లొచ్చినా నిలబడకపోతే చూపించాం. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. పుట్టుకలోనే మెదడుకు దెబ్బ తగిలింది, కాళ్లు బిగుసుకుపోతాయి, తెలివికి లోటేమీ ఉండదు అన్నారు. ఆ చివరి మాట మాత్రం పూర్తిగా నిజమైంది. మా ఇంట్లో అందరికన్నా దానికే నోరెక్కువ.

ఏడో ఏడు, వేసవి

అనంతపురంలో ఒక ఫిజియోథెరపీ కేంద్రం ఉందని తెలిసి తీసుకుపోయాం. అక్కడ షమీమ్ మేడం అని ఒకామె ఉంటుంది. మొదటి రోజు ఆమె బిడ్డను ముట్టుకోకముందే ఒక కాగితం తీసింది. దాని మీద మూడు గళ్లున్నాయి.

"పాప ఏం చేయగలిగితే మీ ఇంట్లోవాళ్లకు బాగుంటుందో మూడు చెప్పండి. రోజూ పనికొచ్చేవి చెప్పండి" అంది.

"నడవల్ల మేడం" అన్నాడు రామాంజి.

"సరేన్నా. రెండోది?"

"నడవల్ల."

"మూడోది?"

ఆయన కాసేపు ఆలోచించి, "ఎవురూ పట్టుకోకుండా నడవల్ల" అన్నాడు.

మేడం నవ్వి నా వైపు చూసింది. నేనూ అదే అన్నాను. మంజు పక్కనే బల్ల మీద కూర్చుని గౌను గుండీ నములుతోంది. దాన్ని అడగాలని మాకెవరికీ తోచలేదు.

తరువాత నడక కొలిచారు. పొడుగాటి వరండాలో నేల మీద ఎర్ర టేపు అంటించి ఉంది, ఆ చివర ఒక కుర్చీ, ఈ చివర ఒక కుర్చీ. బిడ్డ వాకర్ పట్టుకుని ఆ మధ్యలో ఆరు నిమిషాలు నడవాలి, ఎన్ని మీటర్లు నడిస్తే అన్ని రాసుకుంటారు. అలిసిపోతే నిలబడొచ్చు, గడియారం మాత్రం ఆగదు. మంజు తొంభై ఆరు మీటర్లు నడిచింది. ఆ అంకె వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఏడేళ్లుగా నా బిడ్డ గురించి అందరూ చెప్పినవి కాదు, లేదు, చూద్దాం అన్న మాటలే. ఇది రాసుకోవచ్చు, పెంచుకోవచ్చు.

మేడం అప్పుడే హెచ్చరించింది. "అమ్మా, ఈ అంకె ఒక్కటే పట్టుకోవద్దు. ఏడాదికొకసారి తుంటికి ఎక్స్‌రే తీయించల్ల. ఇట్ల కాళ్లు బిగుసుకునే పిల్లలకు ఎదిగేకొద్దీ తుంటి ఎముక గూట్లోంచి జారుతుంది."

మొదటి ఏడాది తీయించాం. బాగానే ఉంది అన్నారు.

ఇంటికి వచ్చి రామాంజి కళ్లంలో పని పెట్టుకున్నాడు. శనక్కాయ కాలంలో తప్ప కళ్లం ఖాళీగానే ఉంటుంది కదా, పేడతో అలికి చదును చేసి, అడ్డంగా సున్నంతో గీతలు గీశాడు. రోజూ సాయంత్రం మంజు వాకర్ తోసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది. ఆయన వెనక్కి నడుస్తూ "ఇంకొక్క గీత, ఇంకొక్క గీత" అనేవాడు. వీధిలో పిల్లలు గట్టు మీద కూర్చుని లెక్కపెట్టేవాళ్లు. అంగన్‌వాడీలో పిల్లల బరువు గీసే చార్టు ఒకటి మిగిలితే, దాని వెనక నేను మంజు మీటర్లు గీశాను. తొంభై ఆరు, నూట ముప్పై, నూట అరవై ఎనిమిది, నూట తొంభై. గీత పైకే పోయింది. ఆ రెండేళ్లు మా ఇంట్లో సంతోషంగా ఉన్నామంటే అబద్ధం కాదు. రెండో ఏడాది ఎక్స్‌రే మాత్రం వాయిదా పడింది. బిడ్డ ఇంత బాగా నడుస్తుంటే తుంటికేమవుతుందిలే అనుకున్నాం.

తొమ్మిదో ఏడు, క్యాంపు

వికలాంగుల పెన్షన్ రావాలంటే సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్ కావాలంటే క్యాంపులో డాక్టరు చూసి పర్సెంటేజి వేయాలి. మా వీధిలో సలహా చెప్పని మనిషి లేడు. "నడిపించినారంటే ఏమీ రాదు. ఎత్తుకోని పోండి" అన్నారు అందరూ. మేడం దగ్గర నడిపించి చూపించాలి, క్యాంపులో నడవలేదని చూపించాలి. రెండూ మా బిడ్డ మంచికే అనుకున్నాం.

ముందురోజు సాయంత్రం మంజును మంచం మీద కూర్చోబెట్టి నేనే నేర్పించాను.

"రేపు కాళ్లు కింద పెట్టొద్దు. డాక్టరు లెయ్ అంటే లేయద్దు. నొస్తాంది అను."

"యాడ నొస్తాందని చెప్పల్ల?" అని అడిగింది.

"మోకాలు అను" అన్నాను.

రెండు మూడు సార్లు చెప్పించి చూశాను. బాగా చెప్పింది. మొహం కూడా ముడుచుకుంది, అది నేను నేర్పలేదు.

మరుసటి రోజు వాకర్ ఇంట్లోనే వదిలేసి, రామాంజి దాన్ని భుజాన వేసుకుని పోయాడు. మధ్యాహ్నం దాకా రేకుల షెడ్డు కింద కూర్చున్నాం. తీరా చూస్తే డాక్టరు నడవమని అడగనే లేదు. పడుకోబెట్టి, రెండు కాళ్లూ వంచి చూసి, రాసేశాడు. మంజుకు నేర్చుకున్న పాఠం మిగిలిపోయింది. దింపుతుండగా తనంతట తనే, "మోకాలు నొస్తాంది సార్" అంది. ఆయన తలెత్తలేదు.

బయటికి వచ్చాక రామాంజి పడీ పడీ నవ్వాడు. బస్టాండులో దానికి ఉగ్గాని, బజ్జీ తినిపించాడు. బస్సెక్కాక మంజు నా చెవిలో, "ఇంటి కాడ దిగినాక నడవచ్చునా అమ్మా?" అని అడిగింది.

అప్పటి నుంచి మా ఇంట్లో అదొక వేళాకోళం అయిపోయింది. అన్నం వద్దంటే "క్యాంపు కడుపునొప్పా?" హోంవర్కు చేయనంటే "క్యాంపు తలనొప్పా?" అదీ నవ్వేది, మేమూ నవ్వేవాళ్లం.

ఆగస్టు

శనక్కాయలో కలుపు తీసే రోజులు. ఒక సాయంత్రం కళ్లంలో మూడో గీత దగ్గర మంజు నిలబడిపోయింది.

"అమ్మా, మోకాలు నొస్తాంది."

నేను నేర్పిన మాటే. నేను నేర్పిన చోటే. నాకు నవ్వొచ్చింది.

"ఇది క్యాంపు కాదు. నడువు" అన్నాను.

మరుసటి రోజూ అంది. ఆ మరుసటి రోజూ అంది. మోకాలు పట్టి చూశాను, వాపు లేదు, ఎరుపు లేదు, నొక్కితే అరవలేదు. రెండు రోజులు నూనె రాసి ఊరుకున్నాను. పైగా ఆ నొప్పి నడవమన్నప్పుడే వచ్చేది, టీవీ ముందు కూర్చున్నప్పుడు వచ్చేది కాదు. దొంగ నొప్పి అనడానికి అదే రుజువనుకున్నాను. నడిస్తే నొచ్చే నొప్పి నడిచేటప్పుడు కాక ఎప్పుడొస్తుంది? ఇంత చిన్న సంగతి రోజూ ముప్పైమంది పిల్లల్ని చూసే నాకు తట్టలేదు.

సెప్టెంబరు

కొలతల రోజు వచ్చింది. నూట తొంభై నుంచి నూట నలభై ఒకటికి పడిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. చార్టు మీద గీత కిందికి దించాల్సి వస్తుందని మండింది. దాచుకుని ఏం లాభం, నిజం అదే.

షమీమ్ మేడం మంజు ముందు గొంతుక్కూర్చుని, "నొప్పేమన్నా ఉందా పాపా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పాను. "ఏం లేదు మేడం, సోమరితనం. ఇంట్లో గూడా ఇట్లనే నాటకాలు చేస్తాండాది."

మేడం నా మాట పట్టించుకోకుండా మళ్లీ దాన్నే అడిగింది. మంజు నా మొహం చూసింది. నేనెట్లా చూశానో నాకు తెలుసు.

"లేదు మేడం" అంది మంజు.

ఈ నాలుగు నెలల్లో నేను చేసినవాటిలో నన్ను ఇప్పటికీ వదలనిది ఇదే. నమ్మకపోవడం ఒక తప్పు. దాని నోటితోనే లేదనిపించడం ఇంకొక తప్పు, మొదటిదానికన్నా పెద్దది.

మేడం ఎక్స్‌రేకి చీటీ రాసిచ్చింది, "రేపే తీయించండి" అంది. ఎక్స్‌రే తీసేది ఇంకో చోట, అప్పటికే మూసేశారు. మళ్లీ ఒకరోజు సెలవు పెట్టాలి, మళ్లీ బస్సెక్కాలి. నాకు అంగన్‌వాడీ సెంటర్లో సర్వే, ఆయనకు చేలో పని. చీటీ నా బ్యాగులోనే నలిగింది.

నవంబరు

కాయలు పెరికే రోజులు. వానలు మొగం చాటేసి పంట సగానికి సగం పోయింది. రామాంజికి అందరి మీదా కోపమే. ఒక సాయంత్రం చేలోంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా మంజును కళ్లంలో నిలబెట్టాడు. అది రెండో గీత దగ్గర ఆగింది.

"నడువు."

"కాదు నాయనా."

"ఇంకొక్క గీత. నూటా తొంభై నడిసినదానివి, నీకేమొచ్చిండాది?"

పెదవి పంటికింద నొక్కిపట్టి ఒక అడుగు వేసింది, రెండోది వేయబోయి వాకర్‌తో సహా పక్కకు పడింది. ఏడవలేదు. నొప్పి నిజమైతే ఏడ్చేది కదా అనుకున్నాను. అంతకుముందు వారం ఏడిస్తే నాటకమన్నది కూడా నేనే.

దాన్ని నమ్మింది మా అత్త. ఆమె బడి మొహం చూడలేదు, ఏ చార్టూ చదవలేదు. పొద్దున్నే మంజుకు నీళ్లు పోసేది ఆమే. పడిన మరుసటి రోజు నేను సెంటర్‌కు బయలుదేరుతుంటే గడపలో అడ్డం నిలబడింది.

"అమ్మే, కాలు ఎడం చేసి సబ్బు పెడితే బిడ్డ అరుస్తాండాది. వారం నుంచి సూస్తాండా. ఎడమ కాలు పొట్టిగా గూడా అగుపిస్తాండాది. నీళ్ల కాడ నేను దాన్ని నడవమన్లేదే. ఈడ ఎవురికోసం నాటకం జేస్తాది?"

బ్యాగులో చీటీ వెతికాను.

ఎక్స్‌రే

ఎముకల డాక్టరు గది ముందు మూడు గంటలు కూర్చున్నాం. చేతికి కట్టుతో ఒకాయన మంజును చూసి లేచి, ఫ్యాను కింద ఉన్న తన చోటు ఇచ్చాడు. ఎవరని అడగలేదు, ఏమైందని అడగలేదు. ఆ పూట మాకు జరిగిన మంచి అదొక్కటే.

డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించాడు. గుండ్రటి ఎముక గూట్లో కూర్చోవాలి. మంజు ఎడమ తుంటిలో అది సగానికి మించి బయటే ఉంది. నేను కూడా చదవగలిగేంత స్పష్టంగా ఉంది.

"ఎన్నాళ్ల నుంచి నొప్పి?" అన్నాడాయన.

మంజే చెప్పింది. "కలుపు తీసేటప్పుట్నుంచి సార్."

"మోకాలని చెప్పింది సార్" అన్నాడు రామాంజి, తప్పు దానిదే అన్నట్టు.

"తుంటి నొప్పి పిల్లలకు ఎక్కువగా మోకాల్లోనే తెలుస్తుంది" అన్నాడు డాక్టరు.

పెద్ద ఆపరేషనే కావాలి, బెంగళూరు తీసుకుపోండి అన్నాడు. ముందే వచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయేదా అని అడిగాను. చెప్పలేనన్నాడు. పోయేది అన్నా బాగుండేది, పోయేది కాదు అన్నా బాగుండేది.

షమీమ్ మేడానికి ఫోన్ చేసి చెప్పాను. తిడుతుందనుకున్నాను. "నిన్ను బయటికి పంపి పాపను అడిగింటే చెప్పేదేమో. నేనూ తప్పు చేసినా అక్కా" అంది. అన్నాళ్లూ అమ్మా అని పిలిచిన మనిషి అక్కా అనేసరికి ఏడుపు ఆగలేదు.

బెంగళూరు

ఫిబ్రవరి చివర్లో ఎముక కోసి, తిప్పి, గూట్లో కూర్చోబెట్టి ప్లేటు వేశారు. లోపల బిడ్డ, బయట మేమిద్దరం. ఐదు గంటలు ఒకే బెంచీకి ఆ చివర ఆయన, ఈ చివర నేను.

"నువ్వే గదా నేర్పినావు మోకాలని" అన్నాడు.

"నువ్వే గదా గీతలు గీసినావు" అన్నాను.

రెండూ నిజాలే. తరువాత పదకొండు రోజులు మందులు, భోజనం, బాత్రూం గురించి తప్ప మేం మాట్లాడుకోలేదు. ఈ మనిషితో ఇంక కాపురం చేయలేననుకున్నాను. ఆయనా అదే అనుకుని ఉంటాడు.

మంజుకు రొమ్ము కింది నుంచి రెండు పాదాల దాకా సిమెంటు కట్టు, కాళ్లు ఎడంగా పెట్టి మధ్యలో ఒక కర్ర. మూత్రం కట్టులోకి పోయి చర్మం పుండ్లు పడుతుంటే ఏం చేయాలో తెలియక ఏడుస్తున్నాను. వార్డు ఊడ్చే ఒకామె చీపురు గోడకానించి వచ్చింది. ఆమెకు తెలుగు రాదు, "అళబేడమ్మా" అంటూ పాల ప్యాకెట్లు కత్తిరించి, కడిగి, కట్టు అంచు లోపలికి ఎట్లా దోపాలో చేసి చూపించింది. ఏడవొద్దు అంటోందని అర్థమైంది. తరువాత రోజూ నాలుగు ప్యాకెట్లు దాచి తెచ్చేది.

ఆ కట్టుతో ఆరు వారాలు. ఇంటికొచ్చేసరికి మార్చి, రేకుల ఇల్లు, నిప్పుల కొలిమి. కట్టు లోపల దురద పెడితే మంజు తల అటూ ఇటూ కొట్టుకునేది. మా అత్తకు మంచం పక్కన కూర్చుని విసిరి విసిరి చేతులు పడిపోయేవి. నొప్పి ఎంతుందని అడిగితే మంజు ముందు నా మొహం చూసి, అప్పుడు చెప్పేది. అది మాత్రం ఏ కట్టు విప్పినా పోలేదు.

పదో ఏడు, జూన్

కట్టు విప్పాక, కొన్ని వారాలు కసరత్తు చేయించాక, మేడం మళ్లీ ఎర్ర టేపు దగ్గర నిలబెట్టింది. ఎనిమిది మీటర్లు నడిచి మంజు కుర్చీ కావాలంది. మేడం గడియారం ఆపేసి జేబులో వేసుకుంది. ఇంతకన్నా పెద్దగా పెరగకపోవచ్చని, బయట తిరగడానికి చక్రాల కుర్చీ మేలని నెమ్మదిగా చెప్పింది.

ఆ తరువాత మూడు గళ్ల కాగితం తీసి, ఈసారి తన కుర్చీని మంజు వైపు తిప్పుకుంది.

"నీకేం కావల్లో నువ్వే చెప్పు. అమ్మను చూడొద్దు."

నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

"ఇస్కూల్లో బాత్రూంకు ఒక్కదాన్నే పోవల్ల. తలుపేసుకోవల్ల" అంది మంజు. వెంటనే చెప్పింది, ఎన్నాళ్ల నుంచి అనుకుంటోందో. "అన్నం బెల్లు కొడ్తే అందరితో బయట కూసోవల్ల. నన్ను క్లాసులోనే ఇడిసిపెట్టి పోతారు."

"మూడోది?"

"ఇంగేం లేదు."

రామాంజి ఆగలేకపోయాడు. "నడిసేది పాపా?"

"అది నువ్వు చెప్పింది గదా నాయనా" అంది.

ఆయన లేచి వరండాలోకి పోయాడు. చాలాసేపు రాలేదు. నాకూ పోవాలనిపించింది కానీ కదలలేదు. మూడేళ్లు ఆ బిడ్డ మా కోరిక మోసింది. దాని కోరికలు ఇంత చిన్నవి, ఇంత సులువైనవి, మేం ఒక్కసారి అడిగి ఉంటే మొదటి ఏడాదిలోనే తీరేవి.

వారం తిరగకముందే ఆయన బడికి పోయి హెడ్మాస్టరుతో మాట్లాడాడు. సిమెంటు, ఇసుక తనే తీసుకుపోయి, బాత్రూం మెట్టు పగలగొట్టి వాలు కట్టాడు, గోడకు రెండు కడ్డీలు బిగించాడు, తలుపు వెడల్పు చేయించాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోవడం మొదలైంది ఆ తలుపు గడియ ఎంత ఎత్తులో పెట్టాలన్న దగ్గరే.

ఇప్పుడు

మంజు ఆరో తరగతి. బడికి చక్రాల కుర్చీలోనే పోతుంది. బాత్రూంలో కడ్డీ పట్టుకుని కుర్చీ నుంచి రెండడుగులు వేస్తుంది. చలికాలం పొద్దున ఆపరేషన్ చేసిన చోట పీకుతుంది. కుడి తుంటి కూడా కొంచెం జారిందన్నారు, ఆర్నెల్లకొకసారి ఎక్స్‌రే. చీటీ రాసిచ్చిన రోజే తీయించి వస్తున్నాం. ఇంకొక ఆపరేషన్ ఉండొచ్చు. ఆ భయం పోలేదు, పోతుందని కూడా నేను చెప్పను. ఇట్లాంటి బిడ్డలున్న తల్లులకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ బిడ్డను ఎవరైనా ప్రశ్న అడిగితే మీరు నోరు మూసుకోండి. మరీ తెలివైన తల్లులైతే గది బయటికి పోండి.

మొన్న సోమవారం పొద్దున జడ వేయించుకోకుండానే మంజు మంచం మీద వాలిపోయింది. "అమ్మా, తుంటి నొస్తాంది. ఇస్కూలుకు పోను" అంది. ఆరోజు దానికి లెక్కల పరీక్ష. నాకు సెంటర్లో తనిఖీ. ఒకప్పటి మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను. ఎక్కడ, ఎంత అని అడిగాను, వేడినీళ్ల గుడ్డ కాపడం పెట్టాను, సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి మాట పడి సెలవు పెట్టాను. పది గంటలకల్లా అది టీవీ ముందు బొరుగులు తింటూ పకపకా నవ్వుతోంది. నాకు అర్థమైంది. ఏమీ అనకుండా పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టుకున్నాను. మధ్యాహ్నం జడ వేస్తుంటే నా వైపు తిరగకుండానే అంది.

"అమ్మా, పొద్దున నొప్పి లేదు."

"సరే."

"అబద్ధం చెప్పినా."

"సరేలే."

"నువ్వు నమ్ముతావో లేదో చూసినా."

"చూసినావు కదా. ఏమనిపించింది?" అని అడిగాను.

"ఇంగా రెండు మూడు సార్లు చూడల్ల" అంది మంజు.